లాబీలో పటారం, గదిలో లొటారం

పెద్ద హోటల్లో డబ్బంతా ముందు కనబడేచోట పెడతారు. రెండంతస్తుల ఎత్తు లాబీ, నిలువెత్తు పూలగుత్తులు, తలుపు తీయగానే ముక్కుకు తగిలే పరిమళం. చాలాచోట్ల ఆ పరిమళం కూడా ఏసీ గొట్టంలోకి యంత్రం వదిలేదే. రాత్రి నిద్ర పట్టడం, పట్టకపోవడం మాత్రం కనబడని వాటి చేతిలో ఉంటుంది: సీలింగు పైన ఏసీ కింద ఉండే నీళ్ల ట్రే, స్నానాలగది జాలీ కింద వంపు గొట్టం, పక్క గదికీ మన గదికీ మధ్య ఉన్న తలుపు. లాబీలో సోఫాలు వారంలో మారతాయి. గోడ లోపలి గొట్టాలు మార్చాలంటే అంతస్తు మొత్తం మూసేయాలి, మూసినన్నాళ్లూ అద్దె రాదు. ఖరీదైన హోటల్లో నిరాశ ఎదురైందంటే చాలావరకు ఈ రెండో రకం వాటి దగ్గరే.

నక్షత్రాలు చూసి ధైర్యపడటానికి లేదు. ప్రపంచమంతటికీ ఒకే నక్షత్రాల పద్ధతి అంటూ లేదు. ఒక దేశంలో ప్రభుత్వ శాఖ ఇస్తుంది, ఇంకో దేశంలో హోటళ్ల సంఘం ఇస్తుంది, కొన్నిచోట్ల హోటలే తన బోర్డు మీద రాసుకుంటుంది. యూరప్‌లో కొన్ని దేశాలు కలిసి 2009లో హోటల్‌స్టార్స్ యూనియన్ పేరుతో ఉమ్మడి కొలమానం పెట్టుకున్నాయి. అది ఆ దేశాల వరకే. ఫోర్బ్స్ ట్రావెల్ గైడ్ నక్షత్రాల దారి వేరు. 1958లో మొదలైన ఆ గైడ్ తరఫున వచ్చేవాళ్లు తామెవరో చెప్పకుండా బసచేసి చూస్తారు. ఏడు నక్షత్రాల హోటల్ అన్నది ప్రచారంలో పుట్టిన మాట. అసలు చిక్కు ఇంకోటి: చాలా పద్ధతుల్లో లెక్కేది వస్తువు ఉందా లేదా అని. హెయిర్ డ్రయర్ ఉంటే మార్కు పడుతుంది. అది నిమిషానికి ఆగిపోతుందా అన్నది తనిఖీ కాగితంలో ఉండదు.

గది పేర్లు కూడా అలాంటివే. ‘డీలక్స్’ అని చూసి పైతరగతి అనుకుంటాం. చాలా హోటళ్లలో అట్టడుగు మెట్టు అదే, ‘స్టాండర్డ్’ అంటే అమ్ముడుపోదని ఆ మాటే ఎత్తేశారు. ‘సిటీ వ్యూ’ అని రాస్తే ఎదురు భవనం వెనక గోడ కూడా నగరంలో భాగమే కదా! పేరు వదిలేసి చదరపు మీటర్లు చూడండి. ఈ మధ్య కట్టిన మేటి హోటళ్లలో 30 చదరపు మీటర్లు లేని గది తక్కువ. పాత భవనాన్ని హోటలుగా మార్చినచోట 20కి కూడా దిగుతుంది. ఫొటోలు వైడ్ లెన్సుతో తీస్తారు కాబట్టి గది సాగి కనబడుతుంది. అందులో నమ్మదగ్గ కొలబద్ద మంచం ఒక్కటే. పెద్ద మంచం వెడల్పు 180 నుంచి 200 సెంటీమీటర్లు. మంచానికీ గోడకీ మధ్య ఖాళీ ఆ వెడల్పులో మూడోవంతు కూడా కనబడకపోతే, పెట్టె నేల మీద పరిచి తెరవడానికి చోటు లేనట్టే.

బుక్ చేసే ముందు హోటలుకే ఫోన్ చేసి అడగాల్సింది ఒక్కటుంది: ‘ఈమధ్య బాగుచేసిన అంతస్తులు ఏవి?’ పరుపులు, కర్టెన్లు, కార్పెట్లు ఐదు నుంచి ఏడేళ్లకోసారి మారుస్తుంటారు. స్నానాలగది, చెక్కపని అయితే అంతకు రెట్టింపు కాలం లాగుతారు. మార్చేటప్పుడు హోటలంతా ఒకేసారి మూయరు, నాలుగైదు అంతస్తుల చొప్పున పోతారు. అందుకని ఒకే పేరు, ఒకే అద్దె ఉన్న రెండు గదుల్లో ఒకటి నిన్నమొన్నటిది, ఇంకోటి పన్నెండేళ్లనాటిది కావచ్చు. వెబ్‌సైటులో ఫొటో మాత్రం కొత్తదానిదే. అంతస్తు పేరుతో అడిగితే రిసెప్షన్ వాళ్లకు మీరు ఏది అడుగుతున్నారో వెంటనే అర్థమవుతుంది. రివ్యూలలో ఐదు చుక్కలవీ ఒక చుక్కవీ వదిలేసి, గత మూడు నెలల్లో మూడు చుక్కలు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చదవండి. గది నంబరు, వాసన, లిఫ్టు మోత లాంటివి రాసేది వాళ్లే.

ఇక గదిలోకి. తాళం కార్డు పెట్టి లోపలికి వెళ్లగానే పెట్టెను మంచం మీదా కార్పెట్ మీదా పెట్టకండి. స్నానాలగది టైల్స్ మీద నిలబెట్టండి, ఎందుకో కింద చెబుతాం. ఏసీని 18కి దించి ఫ్యాన్ ఎక్కువలో పెట్టండి. షవర్ వేడినీళ్ల వైపు తిప్పండి. ఈ రెండూ నడుస్తుండగా మిగతావి చూసుకోవచ్చు. అంతా కలిపి పదిహేను నిమిషాలు. బట్టలు అల్మారాలో సర్దాక గది మార్చమంటే హోటలుకూ విసుగు, మనకూ బద్ధకం. అందుకే చాలామంది నోరు మూసుకుని పడుకుంటారు.

పెద్ద భవనాల్లో గది ఏసీ అనేది ఇంట్లో ఏసీ లాంటిది కాదు. కింద ఎక్కడో ఉన్న యంత్రం నీళ్లను సుమారు 7 డిగ్రీలకు చల్లబరిచి అన్ని గదులకూ గొట్టాల్లో పంపుతుంది. గదిలో తలుపు దాటగానే తక్కువ ఎత్తులో సీలింగు ఉంటుంది చూడండి, దాని పైన ఒక ఫ్యాను, ఒక రాగి చుట్ట ఉంటాయి. ఫ్యాను గాలిని ఆ చుట్ట మీదుగా తోస్తుంది. గోడ మీద బటన్లు చేసేది ఫ్యాను వేగం మార్చడం, చన్నీళ్ల వాల్వు తెరవడం, మూయడం, అంతే. పది నిమిషాల తర్వాత గాలి జోరుగా వస్తూ చల్లగా లేకపోతే వాల్వు బిగుసుకుపోయి ఉంటుంది, లేదా నీళ్లు అందట్లేదు. చల్లగానే ఉండి గాలి రాకపోతే ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయింది. రెండోది ఇరవై నిమిషాల పని, బాగుచేయించుకోవచ్చు. మొదటిదైతే గది మార్చమనడమే నయం. చిన్న థర్మామీటరు దగ్గరుంటే గాలి వచ్చే జాలీ దగ్గర పెట్టండి: 12 నుంచి 14 డిగ్రీలు చూపిస్తే ఏసీ ఆరోగ్యంగా ఉన్నట్టు.

చల్లని చుట్ట మీద గాలిలోని తేమ నీళ్లయి కారుతుంది. ఆ నీళ్లు కింద ట్రేలో పడి సన్నని గొట్టంలోంచి పోవాలి. ట్రేలో నాచులాంటి జిగురు పేరుకుంటే గొట్టం మూసుకుంటుంది, నీళ్లు నిలుస్తాయి, ముక్కిపోయిన గుడ్డ వాసన గదంతా అలుముకుంటుంది. ప్రవేశం దగ్గర సీలింగులో గోధుమరంగు వలయం, పెచ్చులు, లేదా ఒక్కచోటే కొత్తగా వేసిన తెల్లరంగు కనబడితే ఆ ట్రే ఎప్పుడో పొంగింది. అలాంటి గదిలో ముందే పరిమళం కొట్టి ఉంచుతారు. అందుకని తలుపు తీసిన క్షణంలో ముక్కు పట్టిన వాసనకు విలువివ్వండి. ఐదు నిమిషాలైతే ముక్కు అలవాటు పడిపోతుంది.

ఏసీ చెడిపోలేదు గానీ రాత్రి రెండింటికి ఆగిపోతోంది, చెయ్యి ఊపితే మళ్లీ నడుస్తోంది అనుకోండి. అది కదలికను పసిగట్టే సెన్సారు పని. కదలకుండా పడుకున్న మనిషిని అది ఖాళీ గది కిందే లెక్కేస్తుంది. రిసెప్షన్‌కు చెబితే ఆ అమరికను తీయించవచ్చు. బాల్కనీ తలుపు సరిగా పడకపోయినా ఏసీ ఆపేసే స్విచ్చి కొన్ని హోటళ్లలో ఉంటుంది, తలుపు గట్టిగా లాగి చూడండి. ఇంకో మాట. పాత భవనాలు కొన్నింట్లో గొట్టాల జత ఒక్కటే ఉంటుంది. సీజన్‌ను బట్టి హోటలంతా చన్నీళ్లో, హోటలంతా వేడినీళ్లో నడిపిస్తారు. ఋతువు మారే వారాల్లో అక్కడ ఎన్ని బటన్లు నొక్కినా చల్లబడదు. అలాంటప్పుడు గది మార్చినా దండగే, హోటలే మార్చాలి.

స్నానాలగదికి వద్దాం. మురుగు వాసన వస్తే చాలామంది శుభ్రం చేయలేదనుకుంటారు. ఎక్కువసార్లు కారణం అది కాదు. నేలమీది జాలీ కింద గొట్టం వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపులో 50 మిల్లీమీటర్ల మేర నీళ్లు నిలిచి మురుగు గాలిని అడ్డుకుంటాయి. గది కొన్ని వారాలు ఖాళీగా ఉంటే ఆ నీళ్లు ఆరిపోతాయి. రెండు మగ్గుల నీళ్లు జాలీలో పోసి, తలుపు తీసి గంట ఆగండి. వాసన పోతే సమస్య తీరినట్టే. పోయి మళ్లీ వస్తోందంటే, ముఖ్యంగా పైగదిలో ఫ్లష్ వదిలినప్పుడు జాలీలో గుడగుడమంటోందంటే, మురుగు గొట్టానికి గాలి అందించే గొట్టం మూసుకుపోయి పైనుంచి దూకే నీళ్లు మన వంపులోని నీళ్లను లాక్కుపోతున్నాయన్నమాట. అది రాత్రికి రాత్రి బాగయ్యే పని కాదు. ఎగ్జాస్ట్ పరీక్ష సులువు: ఒక పొర టాయిలెట్ పేపర్ దాని జాలీకి ఆనించి వదలండి, అతుక్కుని నిలవాలి. జారి పడితే ఆ ఫ్యాను ఊరికే మోత చేస్తోంది తప్ప గాలి లాగట్లేదు, స్నానం చేసిన ప్రతిసారీ తేమ పరుపుదాకా వస్తుంది.

వేడినీళ్లు పెద్ద హోటల్లో ఒకేచోట కాగుతాయి. ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా 20, 45 డిగ్రీల మధ్య నీళ్లలో పెరుగుతుంది కాబట్టి ట్యాంకులో 60 డిగ్రీల దాకా కాచి, కుళాయి దగ్గర చన్నీళ్లు కలుపుతారు. గొట్టాల్లో నీళ్లు చల్లారకుండా ఒక పంపు వాటిని ఎప్పుడూ తిప్పుతుండాలి. ఆ పంపు ఆగినా, గొట్టాల మధ్య నీళ్లు సరిగా పంచుకోకపోయినా చివరి గదులకు వేడినీళ్లు రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. నిమిషంలోపు వస్తే మంచి హోటల్. చన్నీళ్ల కుళాయి తిప్పితే గోరువెచ్చని నీళ్లు వస్తుంటే, ఎక్కడో వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే కుళాయి (మిక్సర్) లోపలి వాల్వు అరిగి రెండు గొట్టాల నీళ్లూ కలిసిపోతున్నాయి. షవర్ కింద ఒకసారి మంట, ఒకసారి మంచు అనిపించేది ఇలాంటి వాల్వుల వల్లే. చాలా రోజులు ఖాళీగా ఉన్న గదిలా అనిపిస్తే షవర్‌ను మూడు నాలుగు నిమిషాలు వదిలేసి, తలుపు దగ్గరకు వేసి బయట ఉండండి, ఆ తుంపరలు పీల్చకుండా.

నీళ్ల జోరు కొలవడానికి లీటరు పట్టే వెడల్పు మూతి పాత్ర చాలు. షవర్ నీళ్లన్నీ అందులో పడేలా పెట్టి లెక్కపెట్టండి. ఏడు సెకన్లలో నిండితే నిమిషానికి 9 లీటర్లకు దగ్గర, హాయిగా స్నానం చేయొచ్చు. పది సెకన్లంటే 6 లీటర్లు, సర్దుకోవచ్చు. పదిహేను దాటిందా, తలకు పట్టించిన నురగ వదలదు. ఆ రోజుకు షవర్ తలను విప్పి, సున్నం పేరుకున్న రంధ్రాలు రుద్దమంటే తరచూ సగం జోరు తిరిగొస్తుంది. హౌస్‌కీపింగ్‌లో అది పది నిమిషాల పని, అడిగితే చేస్తారు.

మంచం. నల్లులకు నక్షత్రాలు తెలియవు. నిన్న రాత్రి పడుకున్నవాళ్ల పెట్టెలో వచ్చి ఉంటే ఏ హోటలైనా ఒకటే. పెట్టెను టైల్స్ మీద పెట్టమన్నది ఇందుకే. తలవైపు ఒక మూల దుప్పటి, దాని కింద ఉన్న కవరు రెండూ ఎత్తి, పరుపు అంచు కుట్టును ఫోన్ టార్చితో చూడండి. బొటనవేళ్లతో కుట్టును విడదీస్తే లోపలి మడత కనబడుతుంది. చూడాల్సింది పురుగును కాదు, దాని గుర్తులను: పెన్ను మొనతో పెట్టినట్టు నల్లటి చుక్కల వరుస, గోధుమరంగు పొట్టు, ఎండిన రక్తపు మరక. తడి టిష్యూతో రుద్దితే ఆ చుక్క తుప్పురంగులో సాగితే అది నల్లి మలమే. సాగకుండా గింజలా రాలిపోతే దుమ్ము. ఎదిగిన నల్లి 5 మిల్లీమీటర్లు, ఆపిల్ గింజంత ఉంటుంది. పిల్లలు మాత్రం దాదాపు రంగులేకుండా గసగసాలంత. మంచం తలవైపు పలకకీ గోడకీ మధ్య సందులో కూడా టార్చి వేయండి, అవి ఎక్కువగా దాక్కునే చోట్లలో అదొకటి. కనబడితే ఫొటో తీసి గది మార్చమనండి, పక్కది, పైది, కిందది కాకుండా. ఇంటికి వెళ్లాక బట్టలన్నీ ఆరబెట్టే యంత్రంలో (డ్రయర్) ఎక్కువ వేడి మీద అరగంట తిప్పాలి.

దుప్పటి దారాల లెక్క (చదరపు అంగుళానికి ఎన్ని దారాలని) గురించి గొప్పలు చెబుతారు. 200 నుంచి 400 మధ్య ఉన్న మంచి నూలు దుప్పటి చాలు. వెయ్యి అని చెప్పేచోట పేనిన దారంలో ఒక్కో పోగునూ విడిగా లెక్కేస్తుంటారు. మంచం కాళ్లవైపు అడ్డంగా పరిచే రంగుపట్టీ, అలంకారం దిండ్లు మాత్రం చాలాచోట్ల ప్రతి అతిథికీ ఉతకరు. తీసి కుర్చీలో పడేయండి.

అన్నిటికంటే ఎక్కువగా జనాన్ని నిరాశపరిచేది చప్పుడు. నిద్రకు భంగం కలగకుండా పడకగదిలో సగటు శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో చెప్పింది. నగరం నడిబొడ్డున ఏ గోడా ఊరికే అది సాధించదు. గోడ మందం కంటే సందులే ప్రాణం తీస్తాయి. రెండు గదులను కలిపే తలుపు ఉంటే, గోడ ఎంత మంచిదైనా పక్కవాళ్ల మాటలు వినబడతాయి. కారిడార్ తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటే బయటి ట్రాలీ చక్రాలు మంచం పక్కనే నడిచినట్టుంటుంది. పైకప్పు మీద బార్ ఉన్న హోటల్లో ఇంకో రకం బాధ: పాట వినబడదు, దడదడ మాత్రం స్తంభాల గుండా రెండు మూడు అంతస్తుల కిందికి దిగి దిండులోకి వస్తుంది. దానికి చెవి బెండ్లు పెద్దగా పనిచేయవు, ఆ అదురు మంచం గుండా కూడా ఒంటికి చేరుతుంది కాబట్టి.

కాబట్టి బుక్ చేసిన రోజునే రాసి పంపండి: కలిపే తలుపు లేని గది, లిఫ్టుకూ హౌస్‌కీపింగ్ సామాన్ల గదికీ దూరంగా, ఫంక్షన్ హాలుకు పైన కాకుండా, చివరి రెండు అంతస్తులు కాకుండా. గదిలోకి వెళ్లాక అన్నీ ఆపేసి రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. సన్నగా ‘గుయ్’మంటూ ఆగీ ఆగీ వస్తే లిఫ్టు. ఆగకుండా వస్తే పైన ఉన్న యంత్రాలు. తలుపు సందుకు టవల్ చుట్టి పెడితే మాటల చప్పుడు బాగా తగ్గుతుంది. కర్టెన్లు మధ్యలో కలవకపోతే క్లిప్పులున్న హ్యాంగరుతో పట్టించండి. పొగ సెన్సారు లైటు కళ్లలో పడుతున్నా దాన్ని మాత్రం కప్పకండి.

చిన్న ఫ్రిజ్ (మినీబార్) చల్లబడటం లేదన్న ఫిర్యాదు కూడా వింటుంటాం. చప్పుడు రాకూడదని చాలా హోటళ్లు కంప్రెసరు లేని రకం పెడతాయి. అమ్మోనియా వేడెక్కి ఆవిరై తిరుగుతూ చల్లబరిచే పద్ధతి అది. వెనక గాలి ఆడకపోతే పనిచేయదు, దాన్నేమో చెక్క అల్మారాలో బిగిస్తారు. ఇన్సులిన్ లాంటి మందులు అందులో పెట్టొద్దు. హోటల్ కిచెన్ ఫ్రిజ్‌లో పేరు రాసి పెట్టించండి. కొన్నింట్లో అమ్మకానికి పెట్టిన సీసా కింద సెన్సారు ఉంటుంది, తీసి కొన్ని సెకన్లు చేతిలో పట్టుకున్నా బిల్లులో పడుతుంది.

మురికి ఎక్కడ మిగులుతుందో తెలుసుకోవాలంటే గది శుభ్రం చేసేవాళ్ల లెక్క చూడాలి. ఎనిమిది గంటల్లో పద్నాలుగు, పదహారు గదులు పడటం చాలాచోట్ల మామూలు. అంటే గదికి అరగంట, అందులో పక్క మార్చడానికీ స్నానాలగదికీ చాలా భాగం పోతుంది. మిగిలేవి రిమోట్, ఫోన్, కెటిల్ లోపలి భాగం, గాజు గ్లాసులు. తప్పు ఆ మనుషులది కాదు, వాళ్లకు అన్ని గదులు కట్టబెట్టినవాళ్లది. గ్లాసులు మీరే కడుక్కోండి, కెటిల్‌లో ఒకసారి నీళ్లు మరిగించి పారబోయండి.

ఫిర్యాదు చేయడానికి కూడా ఒక పద్ధతుంది. ‘ఏసీ బాగాలేదు’ అంటే మెకానిక్‌ను పంపుతారు, అతను ఫ్యాను చూసి నడుస్తోందంటాడు, గంట పోతుంది. ‘గంట నుంచి 18లో పెట్టాం, గదిలో 27 ఉంది, గాలి వస్తోంది గానీ చల్లగా లేదు’ అనండి. రిసెప్షన్‌లో కుర్రవాడితో వాదించి లాభం లేదు, గది మార్చే అధికారం, బిల్లు తగ్గించే అధికారం డ్యూటీ మేనేజరుకు ఉంటాయి, ఆయన్నే పిలవమనండి. అరగంట గడువు ఇవ్వండి: ఈలోగా బాగుచేయాలి, లేదా వేరే గది. ఇచ్చిన కొత్త గదిని సామాన్లు కదపకముందే చూసి రండి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. 812లో వాసన వస్తే 912 తీసుకుంటారు. మురుగు, నీళ్లు, గాలి గొట్టాలు నిలువునా ఒకే వరుస గదుల గుండా వెళతాయి. నంబరు చివరి రెండంకెలు అవే అయితే సాధారణంగా గొట్టం కూడా అదే అవుతుంది. కారిడార్‌లో దూరంగా ఉన్న వేరే వరుస అడగండి.

‘అన్నీ నిండిపోయాయి, ఖాళీ లేదు’ అంటే ఆ మాటను మెయిల్లో రాసివ్వమనండి. రాసే పని పడేసరికి కొన్నిసార్లు గది దొరుకుతుంది. నిజంగానే లేకపోతే ఏం కావాలో మీరే చెప్పండి: ఆ రాత్రి అద్దెలో సగం, లేదా మిగతా రాత్రులు పెనాల్టీ లేకుండా రద్దు. ‘తర్వాత చూద్దాం’ అనే మాటకు లెక్క లేదు. మధ్యవర్తి సైటుకు డబ్బు కట్టి బుక్ చేసుంటే హోటలు చేతిలో ఆ డబ్బు ఉండకపోవచ్చు, తిరిగివ్వడానికి ఒప్పుకున్నా ఇచ్చే వీలుండదు. ‘రద్దుకు మాకు అభ్యంతరం లేదు’ అని హోటలు చేత సైటుకు మెయిల్ పెట్టించండి, ఆ మెయిల్ కాపీ మీకూ రావాలి. ఇదంతా గది ఖాళీ చేయకముందే జరగాలి.

బిల్లు కాపీని వెళ్లే ముందు రాత్రే తెప్పించుకోండి. పొద్దున ఎనిమిదింటికి కౌంటరు దగ్గర వరుసలో నిలబడి మినీబార్ లెక్కలు సరిచూడటం ఎవరి వల్లా కాదు. చెకిన్‌లో అదనపు ఖర్చులకు పూచీగా హోటలు కార్డు మీద ఆపి ఉంచిన మొత్తం వేరే సంగతి. క్రెడిట్ కార్డయితే అది మీ పరిమితిలోంచి తగ్గుతుంది, డెబిట్ కార్డయితే ఖాతాలో మీ డబ్బే వాడుకోవడానికి వీల్లేకుండా ఆగిపోతుంది. హోటలు వదిలేసినా బ్యాంకును బట్టి తిరిగి కనబడటానికి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అందుకే చెకిన్‌లో క్రెడిట్ కార్డు ఇవ్వడం, ఎంత ఆపుతున్నారో అంకెతో సహా అడగడం, వెళ్లేటప్పుడు దాన్ని విడుదల చేసినట్టు చూపే రసీదు చేతికి తీసుకోవడం. ఆ రసీదు మీద ఆథరైజేషన్ నంబరు (డబ్బు ఆపడానికి బ్యాంకు ఇచ్చిన అనుమతి సంఖ్య) ఉంటే, అది చెబితే బ్యాంకువాళ్లు తేలిగ్గా వెతికి పట్టుకోగలరు.